కర్నూలులో వేసవి జర్నలిజం తరగతులు: రాత నేర్పారు, ప్రెస్ కార్డు ఇవ్వకుండా ఉండాల్సింది

కర్నూలు సి.క్యాంపు దగ్గర ఒక ఇంటి మేడమీద మే నెలలో నడిచే జర్నలిజం తరగతుల్లో, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా అమ్మాయిని ఈ వేసవిలో చేర్పించాం. ఈ ఏర్పాటుకు గుమ్మం మీద బోర్డు లేదు, చెప్పుకోదగిన పేరూ లేదు. దినపత్రికల్లో ఒకరు డెస్కు మీద (అంటే వచ్చిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలు సర్దే పనిలో), ఇంకొకరు విలేకరిగా ఏళ్ల తరబడి పనిచేసి విరమించుకున్న ఇద్దరు పెద్దవాళ్లు, వార్తా ఛానల్ అనుభవం ఉన్న ఒక యువకుడు కలిసి దీన్ని నడుపుతున్నారు. కరపత్రం మీద ‘వేసవి పాత్రికేయ శిక్షణ’ అన్న మాటలు, ఒక ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండవు. శిక్షణ నాలుగు వారాలు, ఆదివారం సెలవు. ఎండకు భయపడి ఉదయం ఏడున్నరకే మొదలుపెట్టి పదిన్నరకు వదిలేస్తారు. ఫీజు మూడున్నర వేలు. వార్త ఎలా రాయాలి, విన్న మాటను ఎలా నిర్ధారించుకోవాలి అన్న భాగానికి ఆ డబ్బు తక్కువేననీ, కెమెరా ముందు మాట్లాడడం నేర్పిన భాగానికి ఎక్కువేననీ నా అభిప్రాయం. ఇక పిల్లల మెడలో వేసిన ప్రెస్ కార్డు విషయంలో నిర్వాహకులతో నాకు గట్టి అభ్యంతరమే ఉంది. దాని గురించి కాస్త తర్వాత చెబుతాను.

మన ఊళ్లో పదో తరగతి అయిన పిల్లలకు ఏప్రిల్, మే నెలలంటే ఇంటర్ కళాశాలలవాళ్లు పెట్టే బ్రిడ్జి కోర్సులే. లెక్కల్లోనో, జీవశాస్త్రంలోనో ముందుగానే రెండు పాఠాలు దాటించకపోతే వెనకబడిపోతారన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. అయినా మా అమ్మాయి రెండేళ్లుగా జిల్లా పేజీలు చదివి, నచ్చిన వార్తలు కత్తిరించి ఒక పాత డైరీలో అంటించుకుంటూ, నచ్చనివాటి పక్కన ‘ఇది ఎవరు చెప్పారు?’ అని పెన్సిలుతో రాసుకుంటూ ఉండటం చూసి, ఈ ఆసక్తి నిజమైనదో కాదో ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేలోపే తేలిపోతే మంచిదనుకున్నాం. ఇలా ఆలోచించే తల్లిదండ్రులకు ఈ వివరాలు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

మొదటి వారమంతా రాత మీదే నడిచింది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలూ, ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేసి తక్కువ ముఖ్యమైనవాటిని కిందికి దించుకుంటూ పోయే తలకిందుల పిరమిడ్ పద్ధతీ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటిని గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ప్రత్యేకంగా చెప్పాల్సింది డెస్కులో పనిచేసిన ఆ పెద్దాయన బోర్డు మీద ఒక పక్కగా రాసి, నాలుగు వారాలూ చెరపకుండా ఉంచిన మాటల జాబితా గురించి. ‘రోదనలు మిన్నంటాయి’, ‘కానరాని లోకాలకు’, ‘హుటాహుటిన’, ‘తీవ్ర రూపం దాల్చింది’, ‘అగమ్యగోచరం’, ‘విమర్శలు వెల్లువెత్తాయి’, ‘విశ్వసనీయ సమాచారం మేరకు’, ‘స్థానికులు ఆరోపిస్తున్నారు’ వంటివి అందులో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి వాడినా కాగితం వెనక్కి వస్తుంది. తెలుగు పత్రికలు చదివి పెరిగిన పిల్లలకు వార్త అనగానే చేతికి ముందుగా తగిలేవి ఈ మాటలే కాబట్టి, మొదటి రెండు మూడు రోజులు ఎవరి కాగితమూ నిలవలేదట. చావు వార్తలో ఏడుపు గురించి రాయవద్దని ఆయన అనలేదు. ఎవరు ఏడ్చారో, నువ్వు చూశావో లేదో చెప్పగలిగితే రాయమన్నారు.

ఈ దిద్దుబాటు ఎలా సాగిందో ఒక ఉదాహరణ చెబుతాను. వేసవిలో మా కాలనీకి నీళ్ల ట్యాంకరు సరిగా రావడం లేదన్న విషయం మీద మా అమ్మాయి తన మొదటి వార్తను ‘నగరంలో తాగునీటి సమస్య తీవ్ర రూపం దాల్చింది’ అని మొదలుపెట్టింది. ఆయన ఎర్ర పెన్నుతో ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన ‘ట్యాంకరు చివరిసారి ఏ రోజు వచ్చింది? అంతకు ముందు ఏ రోజు?’ అని మాత్రమే రాసి ఇచ్చారు. ఆ సాయంత్రం అమ్మాయి వీధిలో నాలుగిళ్లు తిరిగి అడిగితే రెండిళ్లవాళ్లు ఒక రోజు చెప్పారు, మిగతావాళ్లు మరో రోజు చెప్పారు. చివరికి బిందెల వరుసకు పేర్లు రాసి ఉంచే ఒక పెద్దావిడ కాగితం చూపిస్తే తప్ప తేలలేదు. మర్నాడు వార్త ‘మంగళవారం వచ్చిన ట్యాంకరు మళ్లీ శనివారం వచ్చింది’ అని మొదలైంది. నాలుగు వందల మాటల కాగితం నూటయాభైకి తగ్గింది. సుంకేసుల జలాశయం నుంచి నగరానికి నీళ్లు ఎలా చేరతాయి, దాని సామర్థ్యం 1.2 టీఎంసీలైనప్పుడు ఎండాకాలంలో అది ఎంతవరకు ఆదుకుంటుంది, హంద్రీ మీద ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టు నీళ్ల అవసరం ఎప్పుడు పడుతుంది అన్న సంగతులను కూడా ఆ వార్త కిందే చిన్న బాక్సుగా రాయించారు. ఇన్నేళ్లుగా ఆ నీళ్లే తాగుతున్న నేను ఆ బాక్సు చదివాకే వాటిలో కొన్ని తెలుసుకున్నాను.

తరగతులన్నింటిలోనూ నాకు బాగా నచ్చింది వజ్రాల పాఠం. తొలకరికి ముందూ వెనకా కురిసే వానలకు తుగ్గలి, మద్దికెర మండలాల్లోనూ, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లోనూ వజ్రాల కోసం జనం వెతుకులాట మొదలవుతుందనీ, వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చి గుడారాలు వేసుకుంటారనీ మన జిల్లావాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దానితోపాటే ప్రతి ఏడూ పత్రికల్లో, ఛానళ్లలో ఒకే అచ్చులో పోసినట్టు ఒక వార్త వస్తుంది: కూలీకో రైతుకో వజ్రం దొరికింది, ఒక వ్యాపారి ఇన్ని లక్షలూ ఇంత బంగారమూ ఇచ్చి గుట్టుగా కొనుక్కున్నాడు. విలేకరిగా పనిచేసిన రెండో పెద్దాయన ఇటువంటి పాత వార్తల కత్తిరింపులు, పత్రికల పేర్లు తీసేసి, పిల్లలకు పంచిపెట్టి, ప్రతి వాక్యం కింద గీత గీసి ఆ సంగతి ఎవరు చెప్పారో పక్కన రాయమన్నారు. పని పూర్తయ్యేసరికి తేలిందేమిటంటే, దొరికినవారి పేరు లేదు, కొన్నవారి పేరు లేదు, తూకం ఎవరు వేశారో లేదు, రాయిని కళ్లతో చూసిన విలేకరి లేడు. ఖరీదు మాత్రం అంకెతో సహా ఉంది. బ్యాచ్‌లో తుగ్గలి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు లేచి, ‘మా మామ చూసినాడు సార్’ అన్నాడట. ఏం చూశాడని గుచ్చి గుచ్చి అడిగితే, మామ చూసింది వజ్రాన్ని కాదనీ, వజ్రాన్ని చూశానని చెప్పినవాణ్ననీ బయటపడింది. గదిలో అందరూ నవ్వితే ఆయన ఆపి, వార్తాసంస్థల్లోనూ ఇంతే జరుగుతుందని, నవ్వవలసింది ఈ అబ్బాయిని చూసి కాదని అన్నారట.

పాఠం అక్కడితో ఆపేసి ఉంటే పిల్లలకు ఎగతాళి ఒక్కటే మిగిలేది. ఆయన ఆ తర్వాత, ఇటువంటి కొనుగోళ్లు బిల్లులూ రసీదులూ లేకుండా జరుగుతాయి కాబట్టి అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ నోరు విప్పరని, అంటే ఈ వార్తలో ఖరీదును నిర్ధారించడం దాదాపు అసాధ్యమని వివరించి, అయితే నిర్ధారించగలిగినవి ఏమేమి ఉన్నాయో చెప్పమన్నారు. పొలం ఎవరిదో రెవెన్యూ రికార్డు చెబుతుంది, తహసీల్దారును అడగవచ్చు, గనుల శాఖ అధికారిని అడగవచ్చు, విత్తనం వేయడానికి దుక్కి దున్నిన చేలో జనం తొక్కిడి వల్ల ఎంత నష్టం జరిగిందో రైతును అడగవచ్చు, గుడారాల దగ్గర నీళ్ల సీసా ఎంతకు అమ్ముతున్నారో స్వయంగా కొని చూడవచ్చు, బండ్ల నంబరు పలకలను బట్టి ఎక్కడెక్కడి నుంచి వచ్చారో కొంతవరకు చెప్పవచ్చు. పిల్లలు ఈ అంశాలతో ఒక కథనానికి పథకం తయారుచేశారు. వజ్రం దొరికిందో లేదో తెలియకపోయినా రాయడానికి బోలెడంత ఉందని పదిహేనేళ్ల పిల్లలకు ఇంత స్పష్టంగా తెలియజెప్పిన పాఠం నేను బడిలో గానీ కళాశాలలో గానీ వినలేదు. జొన్నగిరి దాకా పిల్లలను తీసుకెళ్లే ఏర్పాటు లేకపోవడం మాత్రం లోటే. దూరం, ఎండ, ఆడపిల్లలను తీసుకెళ్లే బాధ్యత అని వాళ్లు చెప్పిన కారణాలు సబబైనవే గానీ, ఒక్క రోజుకు బస్సు మాట్లాడి తల్లిదండ్రుల్లో ఇద్దరిని తోడు రమ్మంటే కాదనేవాళ్లం కాదు.

ఆ లోటును వ్యవసాయ మార్కెట్ యార్డు పర్యటన కొంత తీర్చింది. ఉల్లికి కర్నూలు యార్డు పెట్టింది పేరే అయినా, సరుకు కుప్పలుగా వచ్చేది ఖరీఫ్ పంట చేతికొచ్చే నెలల్లో కాబట్టి మే నెలలో అక్కడ సందడి తక్కువగానే ఉంటుంది. పిల్లలు నిలబడి మాట్లాడడానికి అదే మేలైంది. యార్డు ప్రకటించే ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు అంకెలు ఉంటాయని, మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని అక్కడి సిబ్బంది ఒకరు చెప్పారు. ఒకే ఒక్క మేలురకం లాటుకు పలికిన గరిష్ఠ ధరను శీర్షికలో పెడితే, ఆ వార్త చదివి మర్నాడు బండి కట్టుకుని వచ్చే రైతు ఏమవుతాడో ఆలోచించమని మాస్టారు అడిగారట. వేలం దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయిని ఒక రైతు ‘ఏం పాపా, నువ్వు రాసుకుంటే రేటు పెరుగుతాదా?’ అని అడిగితే దానికి జవాబు తోచలేదని ఇంటికొచ్చి చెప్పింది. మరుసటి రోజు తరగతిలో ఈ ప్రశ్న మీదే గంటసేపు చర్చ జరిగిందని విన్నాను. ఏం తేల్చారని అడిగితే, ఏమీ తేల్చలేదని, ఎవరి జవాబు వాళ్లు కాగితం మీద రాసి ఇచ్చారని చెప్పింది.

చట్టాల గురించి ఒక మహిళా న్యాయవాది వచ్చి రెండు పూటలు చెప్పారు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం బాధితుల పేరు మాత్రమే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమైనా ప్రచురించకూడదని ఆవిడ చెప్పి, పేరు మార్చామని కుండలీకరణంలో రాస్తూనే ఊరి పేరు, తండ్రి వృత్తి, బడి పేరు ఇచ్చేసే వార్తలు ఎలా ఉంటాయో ఒక కల్పిత వార్త రాసి చూపించారట. మూడు వందల గడప ఉన్న ఊళ్లో ఆ మూడు వివరాలు చాలు కదా. పత్రికల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ గురించి, అది హెచ్చరించగలదే తప్ప శిక్షించలేదన్న సంగతి గురించి క్లుప్తంగా చెప్పారు. ఈ వయసు పిల్లలకు ఇది ఎక్కువ బరువని నాతో కొందరు తల్లిదండ్రులు అన్నారు. ఫోనుతో వీడియో తీసి క్షణంలో ఊరంతటికీ పంపించగల వయసు కూడా ఇదే కాబట్టి నేను వాళ్లతో ఏకీభవించలేదు.

చరిత్ర పాఠం మాత్రం నిరాశపరిచింది. 1780లో కలకత్తాలో హికీ పెట్టిన బెంగాల్ గెజెట్ దగ్గర మొదలుపెట్టి, సంవత్సరాలూ పేర్లూ చెప్పుకుంటూ పోయి, పిల్లల చేత రాయించి వదిలేశారు. 1883లో కర్నూలులోనే పుట్టి, బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, 1908లో అందులో వచ్చిన రాతకు రాజద్రోహ నేరం కింద మూడేళ్ల జైలు అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరు ఆ జాబితాలో మధ్యలో ఎక్కడో ఒక పంక్తిగా వచ్చి పోయిందట. ఆ మనిషి పుట్టిన ఊళ్లో కూర్చుని జర్నలిజం నేర్చుకుంటున్న పిల్లలకు, ఒక సంపాదకీయానికి మూడేళ్లు ఎందుకు పడ్డాయో, జైలు నుంచి వచ్చాక ఆయన గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఎందుకు అంతగా తిరిగారో చెప్పడానికి ఒక ఉదయం కేటాయించలేకపోవడం వింతగా ఉంది. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926లో మొదలుపెట్టిన ‘శ్రీ సాధన పత్రిక’ ప్రస్తావన అసలు రానే లేదు. రాయలసీమ గురించి, ఇక్కడి కరువుల గురించి ఇక్కడివాళ్లే ఎప్పటినుంచి రాసుకుంటున్నారో తెలిస్తే, పత్రికలంటే విజయవాడలోనో హైదరాబాదులోనో పుట్టి మనకు బస్సుల్లో వచ్చేవన్న అభిప్రాయం పిల్లలకు పోతుంది.

సమాచార హక్కు చట్టం పాఠం ఆలోచన బాగుంది, అమలు కుంటుపడింది. 2005 చట్టం కింద దరఖాస్తు ఎలా రాయాలి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికైతే రుసుము లేదని, మండల స్థాయికి 5 రూపాయలని, ఆపైన 10 రూపాయలని, ‘ఎందుకు చేయలేదు’ అని నిలదీసే ప్రశ్నలు కాకుండా ఫలానా రికార్డు నకలు ఇవ్వండి అని అడిగితేనే జవాబు వస్తుందని చక్కగా చెప్పి, నగరపాలక సంస్థకు ట్యాంకర్ల రోజువారీ నమోదు పుస్తకం నకళ్ల కోసం దరఖాస్తులు రాయించారు. జవాబు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. తరగతులు నడిచేది నాలుగు వారాలు. రెండో వారం చివర్లో వేసిన దరఖాస్తుకు శిక్షణ ముగిసేలోపు జవాబు రాదని లెక్క వేసుకోవలసింది. వచ్చే ఏడాది మొదటి రోజే దరఖాస్తు వేయించి, జవాబు వచ్చాక ఒక ఆదివారం పిల్లలందరినీ మళ్లీ పిలిచి దాన్ని చదవడం, రాకపోతే మొదటి అప్పీలు రాయడం నేర్పితే ఈ పాఠానికి అర్థం ఉంటుంది.

టైపింగ్ విషయంలో వీళ్లు పాతకాలంలోనే ఆగిపోయారు. ఉన్న మూడు కంప్యూటర్లలో పత్రికాఫీసుల్లో ఏళ్లుగా వాడిన అను ఫాంట్లు వేసి, వాటిమీదే నేర్పారు. ఆ అక్షరాలు కాగితం మీద అందంగానే ఉంటాయి గానీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లోకో ఫోనులోకో పోతే గుర్తుపట్టలేని చెత్తగా మారతాయి, వెతికితే దొరకవు. పిల్లలు ఫోనులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకోవడానికి అలవాటుపడ్డారు కాబట్టి, వాళ్లకు ఏ కంప్యూటర్‌లోనైనా ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో, తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పితే చేతికి వేగమూ వస్తుంది, ఒత్తులూ దీర్ఘాలూ మీద పట్టూ వస్తుంది.

ఇక వీడియో వారం. ఛానల్ అనుభవం ఉన్న యువకుడు ఉత్సాహవంతుడే, పిల్లలతో కలుపుగోలుగా ఉంటాడు, కానీ అతను నేర్పినదంతా గొంతు ఎలా పెంచాలి, చేతులు ఎలా ఊపాలి, ‘చూడండి, ఇక్కడ పరిస్థితి ఎంత దారుణంగా ఉందో’ అని కెమెరా వైపు ఎలా నడవాలి అన్నదే. మొదటి రెండు వారాల్లో పెద్దాయన బోర్డు మీద నిషేధించిన మాటలన్నీ, అదే బోర్డు ముందు నిలబడి, పిల్లల చేత పెద్ద గొంతుతో అనిపించారు. బోర్డు చెరపకుండా ఉంచడం ఆ వారంలో ఇబ్బందికరంగా మారి ఉండాలి. ఫోనును ఎలా నిలకడగా పట్టుకోవాలి, గాలి చప్పుడు పడకుండా మాట ఎలా రికార్డు చేయాలి, ఎదుటివారి అనుమతి ఎలా తీసుకోవాలి, తీసిన అరగంటలోంచి రెండు నిమిషాలు ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలి అన్న అసలు సంగతులకు చివరి పూట మాత్రమే సమయం మిగిలింది. మా అమ్మాయికి ఈ వారం నచ్చలేదు. ఆమెతో కూర్చునే స్నేహితురాలికి మాత్రం నాలుగు వారాల్లో ఇదొక్కటే నచ్చింది. ఆ అమ్మాయి చక్కని గొంతుతో, తడబాటు లేకుండా మాట్లాడుతుంది. ఆ ప్రతిభకు అరుపులు కాకుండా ఇంకేదైనా నేర్పి ఉంటే బాగుండేది.

ప్రెస్ కార్డు సంగతి. మొదటి వారం చివర్లో పిల్లలందరికీ ఫొటోతో, నీలిరంగు తాడుతో ఒక గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద శిక్షణ అన్న మాట చిన్న అక్షరాల్లోనూ, ‘ప్రెస్’ అన్న మాట ఎర్రగా, వేలెడంత అక్షరాల్లోనూ ఉంది. విలేకరులకు అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు, ఇచ్చేది సమాచార పౌరసంబంధాల శాఖ. పనిచేసే సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డు వేరు. నాలుగు వారాల తరగతులు నడిపేవారికి ఇటువంటి కార్డు ఇచ్చే అధికారం ఏదీ లేదు. వాహనాల మీద ప్రెస్ అని రాయించుకుని తిరిగేవాళ్ల గురించి మన ఊళ్లో ఎంత చెడ్డగా మాట్లాడుకుంటారో అందరికీ తెలుసు; పదిహేనేళ్ల పిల్లలకు అదే దారి చూపించడం ఏమిటని నేను వెళ్లి అడిగాను. పిల్లలు ముచ్చటపడతారని ఇచ్చామని, బయటికి వెళ్లినప్పుడు ఎవరైనా అడ్డుకుంటే చూపించడానికని విలేకరిగా పనిచేసిన పెద్దాయన సర్దిచెప్పబోయారు. డెస్కు పెద్దాయన మాత్రం వాదించలేదు. మా అమ్మాయికీ, అడిగిన మరికొందరికీ ‘శిక్షణ విద్యార్థి’ అని పెద్దగా రాసిన కార్డులు రెండు రోజుల్లో అచ్చువేయించి ఇచ్చారు. పాతవి అడగనివాళ్ల దగ్గర అలాగే ఉండిపోయాయి. డిగ్రీ చదువుతున్న ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు కార్డు చేతికందిన తర్వాత తరగతికి రావడం తగ్గించారంటే, వాళ్లు దేనికోసం చేరారో అర్థమవుతూనే ఉంది.

బ్యాచ్‌లో తొమ్మిదో తరగతి పిల్లల నుంచి డిగ్రీవాళ్ల దాకా అందరినీ కలిపేయడం వల్ల ఇటువంటి చిక్కులే వస్తాయి. చిన్నవాళ్లు ప్రశ్నలు అడగడానికి జంకుతారు, పెద్దవాళ్లకు ఆరు ప్రశ్నల పాఠం విసుగు. రెండు బ్యాచ్‌లుగా విడదీయడానికి మనుషులు చాలరని అంటారు గానీ, కనీసం రాత అభ్యాసాలైనా వేర్వేరుగా ఇవ్వవచ్చు. గది మేడమీద, పైకప్పు సిమెంటు రేకులు కావడంతో తొమ్మిదిన్నర దాటాక ఫ్యాను గాలి కూడా వేడిగానే వస్తుంది. తాగునీళ్లు పెడతారు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది, ఆడపిల్లలు ఒంటరిగా మెట్లమీద నిలబడే అవసరం లేకుండా కింది ఇంటివాళ్లు వరండాలో కూర్చోనిస్తారు. ఈ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

జీతాల గురించి నిజం చెప్పినందుకు మాత్రం నిర్వాహకులను మెచ్చుకోవాలి. మండలం నుంచి పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటరుగా పనిచేసి మానేసిన ఒకాయనను పిలిపించి మాట్లాడించారు. అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే లైనేజీ డబ్బు పెట్రోలుకు కూడా చాలని నెలలు ఉంటాయని, పండగలకు ప్రకటనలు తెచ్చి ఇమ్మని పైనుంచి ఒత్తిడి ఉంటుందని, ప్రకటన ఇచ్చిన మనిషి మీద మరుసటి నెల వార్త రాయాల్సి వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండని ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పారట. ఏదైనా డిగ్రీ పూర్తిచేసిన తర్వాత విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం పీజీలో చేరవచ్చని, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం మొదలుకొని ఢిల్లీలో 1965 నుంచి ఉన్న ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) దాకా ప్రవేశ పరీక్షలు ఉంటాయని, అప్పటిదాకా ఒక విషయం లోతుగా చదువుకోవడం, అది ఆర్థికశాస్త్రమైనా వ్యవసాయమైనా న్యాయశాస్త్రమైనా, జర్నలిజం పాఠాల కంటే ఎక్కువ పనికొస్తుందని డెస్కు పెద్దాయన సలహా ఇచ్చారు. ఫీజు తీసుకునేవాళ్లు ఇలా చెప్పడం అరుదు.

చివరి వారంలో పిల్లల రాతలతో ఎనిమిది పేజీల చిన్న పత్రిక అచ్చువేశారు. రాసినదానికంటే పేజీ సర్దడంలో, ఇతరుల కాగితాలు దిద్దడంలో, శీర్షిక ఒక గడిలో పట్టేలా రెండు మాటలు తగ్గించడంలోనే మా అమ్మాయి ఎక్కువ సమయం గడిపింది. విలేకరి కావాలని వెళ్లిన పిల్లకు డెస్కు పని మీద మక్కువ కలిగింది. ఇంటర్‌లో సివిక్స్, ఎకనామిక్స్ ఉన్న గ్రూపు తీసుకుంటానని చెప్పింది. వాళ్ల నాన్నకు ఇంకా పూర్తిగా సమ్మతి లేదు, ఆ మాటలు ఇంట్లో ఇంకా నడుస్తున్నాయి.

వచ్చే వేసవిలో చేర్పించదలచినవారు ఫీజు కట్టేముందు రాత, విచారణ పాఠాలకు ఆ ఇద్దరు పెద్దవాళ్లే వస్తారా, వయసుల వారీగా బ్యాచ్‌లు విడదీస్తున్నారా, మార్కెట్ యార్డు కాకుండా మరెక్కడికైనా తీసుకెళ్తారా అని అడిగి తెలుసుకోవడం మంచిది. ఫీజు రెండు విడతలుగా కట్టనిస్తారు, అక్కాచెల్లెళ్లు చేరితే కొంత తగ్గిస్తారు, మధ్యలో మానేస్తే మాత్రం తిరిగి ఇవ్వరు. వీడియో వారం ఐచ్ఛికమేనని, ఆ వారం డెస్కు పనిలో కూర్చుంటామంటే ఒప్పుకుంటారని మాకు ఆలస్యంగా తెలిసింది. కరపత్రాలు పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో సి.క్యాంపు రైతుబజారు దగ్గర పంచుతారు. కార్డు మీద ఏం రాస్తారో ముందే అడగండి.